జ్వరం తగ్గిన రోజు

అర్ధరాత్రి దాటింది. రేకుల మీద వాన గులకరాళ్లు పోసినట్టు పడుతోంది. ఖరగ్‌పూర్ నింపురా రైల్వే యార్డులో గూడ్సు బండి ఒకటి పెట్టెకి పెట్టె గుద్దుకుంటూ ఆగింది. ఆ చప్పుడుకి ఈ బస్తీలో ఎవరికీ మెలకువ రాదు. ముసలామె లేచింది పక్కలో వేడికి. తొమ్మిదేళ్ల మనవడి వీపు ఆమె మోచేతికి తగిలింది. పెనంలా కాలుతోంది.

"ఓలమ్మీ, లెగు. గుంటడికి జొరం వచ్చీసినాది."

కోడలు దోమతెర ఎత్తి, తడుముకుంటూ వెళ్లి లైటు వేసింది. పిల్లాడు కళ్లు తెరిచాడు. వెలుతురు భరించలేక వెంటనే మూసుకున్నాడు.

"మామ్మా, కళ్లెనక నొప్పెడతంది."

తెర అంచులు నాలుగు వైపులా చాప కిందికి దోపి ఉన్నాయి. లోపల ఒక్క దోమ లేదు. వానలు మొదలైన దగ్గర్నుంచీ తెర లేకుండా పిల్లాణ్ని ఏ రాత్రీ పడుకోబెట్టలేదు ఆ తల్లి. మరి ఈ జ్వరం ఎటునుంచి దూరింది?

గుమ్మంలో వేపమండ

తెల్లారేసరికి గుమ్మానికి వేపమండ వేలాడుతోంది. ముసలామె పని అది. మనవడి చొక్కా ఎత్తి వీపంతా చూసింది. పొక్కుల్లేవు. అయినా పసుపునీళ్లు చల్లింది.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి అమ్మవారు దూరపు దేవత కాదు. ఎండలు ముదిరే వేళకి మాతా పూజ మొదలవుతుంది. బెంగాలీలు శీతల అని మొక్కే తల్లికే, డప్పుల మోతలో, వేపాకూ పసుపునీళ్లతో, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తాతలు మూటగట్టుకొచ్చిన మొక్కులు మనవలు తీరుస్తారు. మశూచి ఈ దేశాన్ని వదిలిపోయింది 1975లో. వేపమండ మాత్రం గుమ్మంలో ఉండిపోయింది. జ్వరం అంటే ముందు చెయ్యి దానికే పోతుంది.

తండ్రి అప్పటికే చొక్కా తొడుక్కున్నాడు. యార్డులో కాంట్రాక్టరు కింద బస్తాలు దించే పని. వెళ్లిన రోజుకే కూలి.

"ఈయేల మానీనానంటే రేపు అక్కడ నా పేరుండదు," అన్నాడు. కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. తల వంచుకుని వానలోకి దిగిపోయాడు.

తల్లి మందుల కొట్టుకి పరిగెత్తింది. కొట్టువాడు చీటీ అడగలేదు. పిల్లాణ్ని చూడలేదు. రెండు రకాల మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. తెల్లది జ్వరానికి. రంగుది ఒళ్లు నొప్పులకి. రెండూ కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. ఆ రెండింట్లో ఒకటి పిల్లాడి ప్రాణం మీదికి తేగలదని చెప్పేవాళ్లు ఆ పూట అక్కడ లేరు.

టార్చి వెలుగులో

రెండో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. ఎర్రమట్టి బురదలో చెప్పులు చేత పట్టుకుని సర్వే అమ్మాయి వచ్చింది. చంకలో రిజిస్టరు, చేతిలో టార్చి. ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకోవడం, నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడడం ఆమె పని.

"ఎన్నాళ్లయింది జొరం?"

"మొన్న రాతిరి నుంచి."

"ఏటిచ్చారు?"

తల్లి కొంగు ముడి విప్పింది. సర్వే అమ్మాయి రంగు మాత్రలు ఏరి పక్కన పెట్టేసింది.

"ఇవి ఎయ్యకక్కా. ఇది డెంగీ అయ్యుంటే లోపల రక్తం కారిపోద్ది. తెల్లదొక్కటే ఎయ్యి. నీళ్లు, గంజి, కొబ్బరినీళ్లు ఆపకుండా తాగించు. రేపు పొద్దున్నే చాంద్‌మారీ సర్కారు ఆసుపత్రికి పట్టుకెళ్లు."

తరవాత టార్చి తీసుకుని ఇంటి వెనక్కి నడిచింది. అక్కడ గోడవార నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. దాని మీద మూత. మూతకి అరచేతి వెడల్పున పగులు. ఆ డ్రమ్మే ఈ ఇంటికి చెరువు. వీధి చివర కుళాయికి పొద్దున్న కాసేపే నీళ్లొస్తాయి; ఆ కాసేపట్లోనే వరసలో తోసుకుని, బిందెలు మార్చుకుని, రాని రోజుకి కూడా సరిపడేలా తాగడానికీ, వంటకీ, స్నానానికీ అందులోనే పట్టి ఉంచాలి. తల్లి దాన్ని ఎంత భద్రంగా చూసుకునేదంటే అందులో చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

సర్వే అమ్మాయి మూత ఎత్తింది. టార్చి వెలుగు నీళ్ల అడుక్కి దిగింది. నీళ్లు తేటగా ఉన్నాయి. ఒక్క క్షణం ఏమీ కనబడలేదు.

తరవాత కదిలాయి. వెంట్రుక ముక్కల్లాంటి దోమపిల్లలు. మెలికలు తిరుగుతూ కిందికి పరిగెత్తాయి. ఒకటి కాదు, పది కాదు.

"పారబోసీ అక్కా. మొత్తం. అడుగూ గోడలూ పీచుతో రుద్ది కడుగు."

తల్లి డ్రమ్ముకి అడ్డం నిలబడింది.

"పారబోస్తే రాతిరికి గుంటడికి ఏటి తాగించను?"

సర్వే అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు.

తాళం విడిన చోటు

దోమకీ మలేరియా జ్వరానికీ మధ్య ఉన్న తాళం తెలుగు నేల మీదే విడింది. 1897 ఆగస్టు. సికింద్రాబాద్ బేగంపేట. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మైక్రోస్కోపు మీద వంగి కూర్చున్నాడు. ఉక్కపోత. పంకా లాగనివ్వలేదు, గాలికి కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒక్కో దోమకి ఒక్కో అణా. ఆగస్టు 20న, అలా రక్తం తాగిన దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి రాస్ కంటబడింది. 1902లో నోబెల్ వచ్చింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇటు ఖరగ్‌పూర్ పుడుతోంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఎర్ర కంకర నేల మీద పట్టాలు పరిచింది. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాతో దారి కలిసింది. ఒక దారి కలకత్తాకి, ఒకటి నాగ్‌పూర్ వైపు, ఒకటి తూర్పు తీరం వెంట మన వైపు. వర్క్‌షాపు లేచింది. ఆ తీరం దారినే బండెక్కి ఉత్తరాంధ్ర కూలీలు దిగారు. ఖలాసీలయ్యారు, ఫిట్టర్లయ్యారు, గ్యాంగుమన్లయ్యారు. తర్వాతి రోజుల్లో వాళ్ల సంఘాన్ని నడిపినవాళ్లలో వరాహగిరి వెంకటగిరి ఒకరు. 1927లో ఇక్కడి కార్మికుల పెద్ద సమ్మెలో ముందు నిలిచిన ఆయనే తరవాత రాష్ట్రపతి అయ్యారు.

పట్టాలు జ్వరాన్నీ వెంట తెచ్చాయి. కట్ట ఎత్తుగా పొయ్యాలంటే పక్కన మట్టి తవ్వాలి. తవ్విన గుంటలో వాననీరు నిలిచింది. కట్ట అడ్డం పడి నేల వాలు తెగింది. బెంగాల్‌లో జ్వరాలకి రోడ్డు కట్టలూ రైలు కట్టలూ నీటి దారులు మూసెయ్యడమే కారణమని 1860ల్లోనే దిగంబర్ మిత్రా వాదించాడు. బెంగాల్ ప్రజారోగ్య శాఖ అధిపతి బెంట్లీ 1925లో పుస్తకమే రాసి అదే మాట గట్టిగా చెప్పాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మలేరియా కోసమే సీనియర్ వైట్ అనే నిపుణుణ్ని పెట్టుకుంది. ఆయన 1930ల్లో సింగ్‌భూమ్ కొండల్లోనూ, జయపురం కొండల్లోనూ దోమల్ని వెతుక్కుంటూ తిరిగాడు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో సౌత్ సైడ్ బంగళాలకీ, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లకీ కాలవలు, కుళాయిలు, ఆసుపత్రి అమరాయి.

అంటే జ్వరాన్ని ఆపడం ఎలాగో ఈ ఊరికి మొదట్నుంచీ తెలుసు. ఏ గీత దాకా ఆపాలన్నదే తేడా.

మామ్మ పెట్టెలో కార్డు

ఆ గీత ఈ ఇంటి మధ్య నుంచే పోతుంది.

ముసలామె మొగుడు వర్క్‌షాపులో ఖలాసీ. పర్మినెంటు. అప్పుడు వాళ్లుండేది క్వార్టర్లో. రెండు గదులు, వెనక పెరడు, ఇంట్లోకే కుళాయి. ఆమె నలుగురు పిల్లల్ని అక్కడే కనిపెంచింది; నీళ్లు పట్టి దాచుకోవాలన్న ఆలోచనే ఆ రోజుల్లో రాలేదు. ఆయన రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు. ఊరు వదిలి పోదామంటే శ్రీకాకుళంలో గజం నేల లేదు. పట్టాలకి అవతల, రైల్వే స్థలంలోనే, అందరిలాగే నాలుగు గోడలు లేపుకున్నారు.

రైల్వే స్థలంలో పక్కా కాలవ తవ్వాలన్నా, మరుగుదొడ్డి కట్టాలన్నా, కొత్త కుళాయి వెయ్యాలన్నా రైల్వే ఒప్పుకోవాలి. అనుమతి లేని ఇళ్లకి ఆ ఒప్పుదల దొరకడం కష్టం. మున్సిపాలిటీ వార్డుల్లో ఈ బస్తీ ఉంది, ఓట్లున్నాయి. నేల మాత్రం దాని చేతిలో లేదు. ఇద్దరు యజమానుల మధ్య, దశాబ్దాల పాటు ప్రపంచంలోనే పొడవైనదని పేరుపడ్డ ప్లాట్‌ఫాం ఉన్న ఊళ్లో, వీధి చివర ఒక్క కుళాయి.

మామ్మ రేకుపెట్టెలో ఒక కార్డు ఉంది. రైల్వే ఆసుపత్రి కార్డు. మొగుడు పోయినా ఆమెకి వైద్యం ఉచితం. పెద్దవాడైపోయిన కొడుక్కి అది చెల్లదు. మనవడికి అసలే చెల్లదు. మూడో రోజు పొద్దున్న ముసలామె ఆ కార్డు తీసింది. తిప్పి చూసింది. మళ్లీ చీర మడతలో పెట్టేసి, పెట్టె మూసింది.

"పదండి, చాంద్‌మారీకే ఎల్దాం."

వరసలో

ఆసుపత్రి వరండా కిక్కిరిసింది. తడిసిన గొడుగులు, ఫినైలు వాసన, ఏడ్చే పిల్లలు. బెంచీ మీద చోటు లేక తల్లి నేల మీదే కూలబడి, పిల్లాడి తల ఒళ్లో పెట్టుకుంది. వాడు నొప్పికి మూలుగుతూ నిద్రలోకీ మెలకువలోకీ జారుతున్నాడు. రక్తం తీశారు. సాయంత్రానికి కాగితం వచ్చింది.

డెంగీ.

డాక్టరు కుర్రాడు. కళ్ల కింద నిద్రలేమి. కాగితం చూసి బెంగాలీలో నెమ్మదిగా చెప్పాడు. ఇంటి దగ్గరే ఉంచొచ్చు. నీళ్లు బాగా తాగించాలి. కడుపునొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కనబడినా, పిల్లాడు మత్తుగా తూగినా అర్ధరాత్రి అని చూడకుండా తీసుకురావాలి. వెళ్లబోతుంటే ఇంకో మాట అన్నాడు. జ్వరం తగ్గాక జాగ్రత్త.

తల్లికి బెంగాలీ బాగా వచ్చు. ఆ ఆఖరి మాటే తల్లికి తప్పుగా వినిపించింది. జ్వరం తగ్గాక జాగ్రత్తేమిటి?

ఒళ్లు చల్లబడింది

అయిదో రోజు పొద్దున్న పిల్లాడి నుదురు చల్లగా ఉంది. ముసలామె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"అమ్మోరు సల్లబడినాది."

తల్లి ఆ పూట పనికి వెళ్లింది. న్యూ సెటిల్‌మెంట్‌లో మూడిళ్లలో అంట్లు తోముతుంది. నాలుగు రోజులు మానేసింది, అయిదో రోజు మానితే ఆ ఇళ్లు వేరేవాళ్లకి పోతాయి. పిల్లాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. జావ తాగమంటే వద్దన్నాడు. నీరసంలే అనుకున్నారు. పక్కింటివాళ్లు వచ్చి, గండం గడిచిందని చెప్పి వెళ్లారు.

గండం అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది.

డెంగీలో అసలు ప్రమాదం జ్వరం మండుతున్నప్పటి కంటే అది దిగిన తరవాతి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ. సన్నటి రక్తనాళాల గోడలు సడలిపోతాయి. రక్తంలోని నీరు ఒంట్లోకే జారిపోతుంది. పైకి గాయం లేదు, మరక లేదు. నాళాల్లో రక్తం చిక్కబడుతుంది, నాడి సన్నగిల్లుతుంది, చేతులు చల్లబడతాయి. ఇంట్లోవాళ్లు ఆ చల్లదనం చూసి జ్వరం పోయిందని సంతోషిస్తారు. ఈ వైపు వాళ్లకి దీని క్రూరత్వం కొత్త కాదు. రక్తస్రావంతో చంపే డెంగీ మన దేశంలో మొదట విరుచుకుపడింది ఇక్కడికి దగ్గర్లోనే, 1963లో కలకత్తా మీద.

రాత్రి తొమ్మిదింటికి పిల్లాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. వాంతి. మళ్లీ వాంతి. మూడోసారి అయ్యాక పక్కకి ఒరిగిపోయాడు. తల్లి పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. పాదాలు పట్టుకుంది.

మంచులా ఉన్నాయి.

కొంగు కప్పుకుని

తండ్రి పిల్లాణ్ని భుజాన వేసుకుని బయటికి దూకాడు. వాన మళ్లీ అందుకుంది. సందులో మోకాలి లోతు నీళ్లు. కరెంటు లేదు. రోడ్డు మీద ఒక్క టోటో (బ్యాటరీ రిక్షా) లేదు. వెనక తల్లి, ఆ వెనక చేతికర్రతో ముసలామె, తడిసి ముద్దయి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా, పట్టాల మీద దూరంగా వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ కిటికీల వెలుగులో కనిపించినంత మేర దారి చూసుకుంటూ, మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తారు. ఒక టోటో కనబడింది. ఆగకుండా వెళ్లిపోయింది. ఇంకోటి. తండ్రి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మొర్తే దేబో నా, దాదా, ఉఠే పోడో," అన్నాడు డ్రైవరు పిల్లాణ్ని చూసి. చావనివ్వం, ఎక్కు అని.

తల్లి కొంగు విప్పి పిల్లాడి పాదాలకి చుట్టింది. అరిచేతులతో రుద్దుతూనే ఉంది. ఆసుపత్రి గేటు దీపం కనబడే వేళకి వాడి పెదాల రంగు మారింది.

నర్సు చెయ్యి పట్టి చూసింది. పరుగున మంచం లాగారు. ఒక చేతికి సూది దొరకలేదు. రెండో చేతికి దొరికింది. సెలైన్ చుక్కలు మొదలయ్యాయి. డాక్టరు గోరు నొక్కి వదిలి చూశాడు. ఎంతకీ ఎరుపు తిరిగి రాలేదు. చుక్కల వేగం పెంచాడు. మళ్లీ నొక్కాడు. గంటకోసారి రక్తపోటు, గంటకోసారి నాడి. వరండాలో ముసలామె తడి చీరతోనే గోడకి ఆనుకుని, పెదాలు కదుపుతూ కూర్చుంది. తండ్రి నిలబడే ఉన్నాడు.

నాలుగున్నరకి పిల్లాడు కళ్లు తెరిచాడు.

"అమ్మా, ఉచ్చొస్తంది."

నర్సు నవ్వింది. రాత్రంతా ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఒంట్లో నీరు తన దారిలోకి తిరిగి వచ్చిందన్న మాట అది. తీవ్రమైన డెంగీకి వైద్యం అందకపోతే వందలో ఇరవై మందికి పైగా ప్రాణం పోవచ్చు. వేళకి అందితే అది వందలో ఒక్కరి కంటే తక్కువకి దిగుతుంది. ఆ రాత్రి ఇరవైకీ ఒకటికీ మధ్య దూరం ఒక టోటో.

పగటి దోమ

నాలుగు రోజుల తరవాత పిల్లాడు ఇంటికొచ్చాడు. సర్వే అమ్మాయి మళ్లీ వచ్చింది. తల్లి అప్పుడడిగింది, మొదటి రాత్రి నుంచీ గొంతులో ఉన్న ప్రశ్న.

"దోమతెరలోనే పడుకోబెట్టాను కదే. ఎలాగ కుట్టినాది?"

"ఇది రాతిరి దోమ కాదక్కా. పగలు కుడతది."

కాళ్ల మీద తెల్ల చారలుండే దోమ. మురుగులో గుడ్లు పెట్టడం దానికి ఇష్టం ఉండదు. దానికి కావాల్సింది నిలవ ఉన్న మంచినీళ్లు. డ్రమ్ము, తొట్టి, రేకుల మీద బరువుకి పెట్టిన టైరు, టీ తాగి పారేసిన మట్టి కప్పు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు ఎండిపోయినా గుడ్డు గోడకి అంటుకుని నెలల తరబడి బతికే ఉంటుంది. తడి తగిలితే పొదుగుతుంది. పుట్టిన చోటు నుంచి మామూలుగా నాలుగు వందల మీటర్లకి మించి ఎగరదు. అంటే పిల్లాణ్ని కుట్టింది ఎక్కడో దూరపు దోమ కాదు. వాళ్ల డ్రమ్ముదో, పక్కింటి డ్రమ్ముదో.

తల్లి చాలాసేపు డ్రమ్ము వైపే చూసింది. పిల్లాడికి నీళ్లు తక్కువ కాకూడదని ఆమె దాచిన నీళ్లలోనే అది పుట్టి ఉండొచ్చు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. రైలు కట్టల పక్క బస్తీల్లో ఏ వానాకాలంలోనైనా జరిగేదాన్ని ఒక ఇంటి కింద పేర్చిన కథ. అందుకే ఇందులో ఇంటివాళ్ల పేర్లు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన వేసిన సంఘం దేశదేశాల లెక్కలు తీసి 2008లో తేల్చిందీ ఇదే: మనిషి పుట్టే, పెరిగే, పనిచేసే పరిస్థితులే వాడి ఆరోగ్యాన్ని నడిపిస్తాయి. ఖరగ్‌పూర్ బస్తీలో ఆ మాటకి అర్థం పగిలిన మూత, పనికి పోకపోతే పోయే కూలి, మనవడికి చెల్లని కార్డు.

వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది, బట్ట బిగించి కట్టండి. ఇది చదువుతున్న ప్రతి ఇల్లూ ఈ ఆదివారమే చెయ్యాల్సిన పని. జ్వరం దిగిన పిల్లల్ని ఇంకో రెండు రోజులు కళ్లలో పెట్టుకుని చూడండి. కానీ రేపటికి నీళ్లొస్తాయో రావో తెలియని తల్లికి, ఉన్న నీళ్లు పారబొయ్యమని చెప్పే ముందు, రైల్వే, మున్సిపాలిటీ ఇద్దరూ కూర్చుని ఆ వీధికి రోజూ నీళ్లిచ్చే కుళాయి వెయ్యాలి. అది వచ్చేదాకా ఆ తల్లి డ్రమ్ము నింపుతూనే ఉంటుంది. ఆమెకి వేరే దారి లేదు.